టైలరమ్మ వదులుకోని రెండంగుళాలు

మా వీధి టైలరమ్మకు బడి నుంచి నలభై గౌన్ల ఆర్డరు వచ్చింది. పని త్వరగా తెమలాలని ఆమె అల్లుడు ఫోనులో రెండు ఏఐ యాప్‌లు వేసి తెచ్చాడు. ఒకటి పిల్లల ఫొటో చూసి బట్ట ఎలా కత్తిరించాలో చెబుతుంది. రెండోది తల్లిదండ్రులకు సందేశాలు రాస్తుంది.

ముందు మా పాపను బల్ల మీద నిలబెట్టి ఫొటో తీయించింది. తర్వాత టేపు పెట్టి చూసింది. యాప్ చెప్పిన కొలత సరిగ్గానే ఉంది.

"చూశారా అత్తయ్యా! పైగా మీరు గౌను అడుగున లోపలికి మడిచే రెండంగుళాల బట్ట దండగంటోంది."

"దానికేం, పిల్లా జెల్లా ఉన్నారా? ఏడాది తిరక్కుండా ఈ పిల్ల ఎదిగి, విప్పడానికి మడత లేక మోకాళ్లు బయటపడితే వాళ్లమ్మ నీ ఫోనునడుగుతుందా, నన్నడుగుతుందా?"

"పక్క దుకాణమాయన దాంతోనే చకచకా కుట్టేస్తున్నాడండీ. ఆర్డరు అటు పోతుంది."

"పోతే పోనీ. ఎదిగే పిల్లకు పొట్టి గౌను నేను కుట్టను."

ఆ యాప్‌ను అప్పటికప్పుడు తీసేయించింది. రెండోదాన్ని మాత్రం ఉంచమంది. నలభై మంది తల్లులకు ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకునే ఓపిక తనకు లేదంది. మొదటి సందేశం తానే చెప్పి రాయించింది.

"గౌన్లు రెండు రోజులు ఆలస్యమవుతాయి. వచ్చే ఏడాది కూడా ఇవే తొడుక్కోవచ్చు."