పెద్దమ్మ ముక్కు

మా పెద్దమ్మ ఇంట్లో తివాచీలు ఉతుకుతుంది. దుకాణం లేదు, బోర్డు లేదు. అయినా మురికిపట్టిన తివాచీని చుట్టి, భుజాన వేసుకుని, ఆ మేడమెట్లెక్కి వచ్చే జనానికి ముప్పై ఏళ్ళుగా కొదవ లేదు. ముందు దాన్ని డాబా పిట్టగోడ మీద వేసి కర్రతో బాదుతుంది. ఎదురింట్లో మేము కిటికీలు మూసుకోవాల్సిందే. తర్వాత తడిపిన తెల్లగుడ్డతో ఓ మూల అద్ది, రంగు దిగుతుందేమో చూస్తుంది. ఉన్ని తివాచీకి వేణ్ణీళ్ళు తగిలించామని చెబితే ఎంతటివారికైనా చీవాట్లు తప్పవు. ఉతికి ఆరేశాక ఆఖర్న మోకాళ్ళ మీద కూచుని, ముక్కు ఆనించి వాసన చూస్తుంది. ఆవిడ తల ఊపితేనే తివాచీ గడప దాటుతుంది.

పెద్దనాన్న గడియారాలు బాగుచేస్తాడు. తడి ఉన్ని వాసన ఆయనకు బొత్తిగా గిట్టదు. "ఇంట్లో గొర్రెల్ని కట్టేసినట్టుంది" అని రోజూ సణుగుతాడు. సణుగుతూనే బకెట్లు మోస్తాడు లెండి.

ఆ మధ్య పెద్దమ్మకు వారం రోజులు జ్వరం కాసింది. జ్వరమైతే తగ్గింది గానీ ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు మహాతల్లి. ఎప్పటిలాగే వంగడం, తల ఊపడం. ఒక్క మాట చెబితే ఏం పోయేదో అని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చివరికి సంగీతం టీచరమ్మ తివాచీ దగ్గర దొరికిపోయింది. దాన్ని ఆవిడ పిల్లి తడిపింది. ఉతికిచ్చిన మర్నాడే టీచరమ్మ మొహమాటపడుతూ తిరిగి తెచ్చింది.

"ఏమనుకోకండి, పిల్లి వాసన ఇంకా వస్తోందండీ. ఆదివారం పిల్లలు పాఠానికొచ్చి దీని మీదే కూచోవాలి."

ఆవిడ వెళ్ళగానే, నేను అక్కడుండగానే, పెద్దమ్మ తివాచీ పక్కన చతికిలబడింది.

"నాకు వాసన తెలియట్లేదండీ. నెలైంది. ఇక ఈ పని మానేస్తాను," అంది పెద్దనాన్నతో.

వీధి చివరికి వినిపించే గొంతు ఆవిడది. అది అంత చిన్నబోగా నేనెప్పుడూ వినలేదు. ఈ పని పోతే ఆవిడ ఏమైపోతుందోనని నాకు భయం వేసింది.

పెద్దనాన్న కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, మోకాళ్ళ నొప్పికి మూలుగుతూ కిందికి వంగి, తివాచీకి ముక్కు ఆనించాడు. మొహం అష్టవంకరలు పోయింది.

"ఉంది. ఇదిగో, ఈ అంచు దగ్గర."

పెద్దమ్మ నీళ్ళలో వెనిగర్ కలిపి ఆ అంచుకు పట్టించి, చన్నీళ్ళతో కడిగి, నీడన ఆరేసింది. రెండు రోజులకు ఆయన మళ్ళీ వంగాడు.

"తగ్గింది. కానీ ఉంది."

పెద్దమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీకు ఉన్ని వాసనే పడదు, ఇక పిల్లి వాసనేం తెలుస్తుంది?" అని కేకలేసింది. కేకలేస్తూనే తివాచీని తిరగేసి, ఈసారి వెనకవైపు నుంచి కూడా వెనిగర్ నీళ్ళు ఇంకేలా పోసింది.

అది ఆరేసరికి శనివారం సాయంత్రమైంది. పెద్దనాన్న ఈ మూల నుంచి ఆ మూల దాకా పాకుతూ వాసన చూశాడు. నేను నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"పోయింది," అన్నాడు లేస్తూ.

పెద్దమ్మ ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది. "నిజం చెప్పండి. నా మీద జాలిపడి అంటున్నారా?"

"జాలిపడేవాణ్ణయితే మొదటిరోజే పోయిందనేవాణ్ణి కదే!"

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఆ చివర పట్టుకోండి. టీచరమ్మకి ఇచ్చేసి వద్దాం."