పిన్ని నీళ్లోసుకుందా?

మా పిన్నికి అప్పటికి నలభై నాలుగేళ్లు. ఐవీఎఫ్ రెండుసార్లు చేయించుకుంది, రెండుసార్లూ నిలవలేదు. "ఈ వయసులో అండాల నాణ్యత తగ్గిపోతుందమ్మా. అవకాశం తక్కువే. ఇంకొక్కసారి చూద్దాం, కాకపోతే ఆపేద్దాం" అని కాకినాడ డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆ ఒక్కసారికి తోడుండమని పిన్ని అడిగితే హైదరాబాదు నుంచి రామచంద్రపురం వచ్చాను. ఒళ్లో లాప్‌టాప్, చేతిలో ఫోను.

వచ్చిన రోజే పిన్ని చెప్పేసింది. "వీధిలో ఎవరికీ తెలియకూడదే. పోయినసారి ఒక్కొక్కరూ వచ్చి ఓదార్చారు. పోయినదానికన్నా ఆ ఓదార్పే ఎక్కువ ఏడిపించింది నన్ను."

పిండాన్ని లోపల పెట్టి ఇంటికి పంపారు. కొన్నాళ్లకు పొద్దున్నే కాకినాడ వెళ్లి రక్తపరీక్షకు ఇచ్చి వచ్చాం. ఫలితం మధ్యాహ్నం ఫోన్లో చెబుతామన్నారు. వినడానికి భయమని పిన్ని నా నంబరు ఇచ్చింది.

అరుగు మీద కూర్చుని రీల్స్ చూస్తున్నాను. ఎదురింటి మామ్మగారు గేటు దగ్గర ఆగి గొంతు తగ్గించారు.

"ఏమ్మా, మీ పిన్ని నీళ్లోసుకుందా?"

"పోసుకుందండి, పొద్దున్నే" అన్నాను తలెత్తకుండా.

"ఎంత చల్లని మాట చెప్పావు తల్లీ!" అంటూ ఆవిడ దాదాపు పరిగెత్తారు. స్నానం చేస్తే ఇంత సంబరమేంటో అనుకుని ఇంకో రీల్‌కి వెళ్లిపోయాను.

కాసేపటికే పులిహోర గిన్నెతో మామ్మగారు, ఆవిడ వెనకాల సగం వీధి. పిన్ని మొహం పాలిపోయింది.

"ఎవరు చెప్పారండీ?"

"మీ అమ్మాయేనమ్మా. నీళ్లోసుకుందంది."

"స్నానం చేసిందనండీ నేనన్నది!" అని అరిచాను.

"ఇక్కడ నీళ్లోసుకోవడమంటే కడుపుతో ఉండటం కూడానే" అంది పిన్ని నీరసంగా. ఇంకా ఏమీ తెలియలేదని వాళ్లకి చెప్పి, లోపలికెళ్లి తలుపేసుకుంది. ఇప్పుడు కాదని వస్తే ఈ వీధి మొత్తం మళ్లీ ఓదార్చడానికి వస్తుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "అర్థమయ్యేలా అడగొచ్చు కదండీ మామ్మగారూ!"

"నువ్వు పుట్టకముందు నుంచీ ఇలాగే అడుగుతున్నాను. ఆ ఫోన్లోంచి తలెత్తితే నీకూ అర్థమయ్యేది" అని గిన్నె నా చేతిలో పెట్టి, అందర్నీ వెంటబెట్టుకుని వెళ్లిపోయారు.

అప్పుడే ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఆ మంటలోనే ఎత్తి అరిచాను. "క్రెడిట్ కార్డు వద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?"

"కార్డు కాదండీ" అంది అవతల అమ్మాయి బెదిరిపోయి. "ఆసుపత్రి నుంచండీ. మీ పేషెంటుకి పాజిటివ్ వచ్చిందండీ."

స్పీకర్ ఆన్ చేసి ఫోన్ తలుపుకి ఆనించాను. "ఇంకోసారి చెప్పండి ప్లీజ్." ఆ అమ్మాయి చెప్పింది. లోపల గడియ తీసిన చప్పుడు.

పిన్ని నన్ను దాటుకుని, చెప్పులైనా వేసుకోకుండా గేటు దాకా వెళ్లింది. ఎవరికీ తెలియకూడదన్న మనిషే వీధంతా వినపడేలా పిలిచింది.

"మామ్మగారూ! నీళ్లోసుకున్నానండీ!"

"అదేంటమ్మా, పొద్దున్నే కదా!" అని ఎదురింట్లోంచి జవాబు. పిన్ని గేటు పట్టుకుని నవ్వుతూనే ఏడ్చింది. నేను పులిహోర గిన్నెలోంచే తినేశాను.

స్కాన్‌లో గుండె చప్పుడు వినేదాకా, ఆ తర్వాత కాన్పయ్యేదాకా భయం భయంగానే గడిచింది. ఇప్పుడు ఆ వీధిలో ఒక పాప ఉంది. మామ్మగారు పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పాపని వాటి మీద పడుకోబెట్టుకుని రోజూ ఆవిడే నీళ్లు పోస్తారు. మొన్న వెళ్లినప్పుడు నేను వీడియో తీస్తుంటే కసిరారు.

"ఆ ఫోన్ అక్కడ పెట్టి చెంబందుకోవే. నీళ్లు పొయ్యడమంటే ఏంటో ఈసారైనా తెలుస్తుంది."