రాణి లేచిపోకముందే

ఫాల్గుణంలో ఒక ఆదివారం, ఉదయం ఏడుంబావుకి నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కాను. తేనెటీగల పెంపకం శిక్షణలో మూడు రోజులు నా పక్కన కూర్చున్న సుగుణమ్మగారు రమ్మన్నారు. ఆ శిక్షణలో నేను నోట్సు రాసుకున్నాను, ఆవిడ పెట్టెలు కొనుక్కున్నారు.

బస్సు కదలగానే ఫోను మోగింది.

"పెట్టె కిక్కిరిసిపోయింది మాస్టారూ. కొత్త రాణులకి గదులు కూడా కట్టేస్తున్నాయి. ఇవాళ పాత రాణిని వేరే పెట్టెలోకి మార్చకపోతే సగం ఈగల్ని వెంటేసుకుని పోద్ది. ఇంక ఈ ఏడు తేనె లేనట్టే. పట్టుకోటానికో మనిషి కావాలి."

ఆవిడ అడిగింది ఈగలు పట్టు కట్టే చెక్క ఫ్రేములు పట్టుకునే మనిషిని. నాకేమో తేనెపట్టు మీద పట్టున్న మనిషని వినబడింది.

"కంగారుపడకండి. రాణి లేచిపోకముందే పట్టుకుందాం" అన్నాను, బస్సంతా వినేలా.

పక్కన కూర్చున్న ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగి నావైపు జరిగాడు.

"మీ అమ్మాయాండీ?"

"కాదండి."

"పోలీసులకి చెప్పారా మరి?"

"పోలీసులెందుకండి, పొగ పెడతాం."

ఆయన లేచి వెనక సీటుకు వెళ్ళిపోయాడు.

ఎనిమిదింటికి పేటలో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో వేదాద్రి దారిలోని మామిడితోట చేరాను. చెట్లన్నీ పూత మీదున్నాయి. సుగుణమ్మగారు పెట్టె మూత తీస్తే ఎనిమిది ఫ్రేముల మీదా చెక్క కనబడనన్ని ఈగలు. వలటోపీ పెట్టుకుని, ఒక్కో ఫ్రేమూ మూడుసార్లు తిప్పి చూసి, ఇన్‌స్పెక్టరు గొంతుతో తేల్చేశాను:

"రాణి లేదమ్మా. వెళ్ళిపోయింది."

 ఆవిడ ఒక ఫ్రేము అందుకుని ఎండకు వంచి చూశారు.

"నిన్నటి గుడ్లున్నాయిగా, ఎక్కడికి పోద్ది?" అంటూ నావైపు తిరిగి, గొంతు తగ్గించారు. "మాస్టారూ, కదలమాకండి. మీ మోచేతి మీదుంది."

సరిగ్గా అప్పుడే వలటోపీలో దూరిన ఈగొకటి నా ముక్కు మీద వాలింది. చెయ్యి విదిలిస్తే రాణి దక్కదు, విదల్చకపోతే ముక్కు దక్కదు. త్యాగం చేశానని రాసుకోవచ్చు గానీ, భయంతో బిగుసుకుపోయానన్నదే నిజం. కుట్టింది. ఆవిడ కొత్త పెట్టెలో పెట్టే ఫ్రేము అంచుని నా మోచేతికి ఆనించడం, రాణి తాపీగా దాని మీదికి నడిచిపోవడం కన్నీళ్ళలోంచే చూశాను.

మూడింటి బస్సులో తిరిగొచ్చాను. నిండు తేనెపట్టు చూడాలనుకునేవాళ్ళు పూత రాలకముందే, ఉదయం పూటే వెళ్ళండి. టోపీ అంచులు మాత్రం చొక్కాలోకి దోపుకోండి.

నందిగామ వస్తుండగా సుగుణమ్మగారు మళ్ళీ ఫోన్ చేశారు.

"రెండు పెట్టెలూ కుదురుకున్నాయి మాస్టారూ. మీరు గనక చెయ్యి కదిపుంటే అంతా పోయేదే."

ఏమీ చెయ్యనందుకు నన్ను తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. మెచ్చుకున్నది ఆవిడొక్కరే.