రాక్షసుడు ఎత్తిన చెయ్యి

మొగిలన్న ఇంట్లో ఏ బొమ్మా నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. పొద్దున ఫస్టు షిఫ్టుకు పోయేముందు చాయ్ గ్లాసు పట్టుకుని ఒక్కో బొమ్మ దగ్గర ఆగుతాడు. దాని చెయ్యో మెడో తోకో ఒక వెంట్రుకవాసి కదిలిస్తాడు. ఎందుకని అడిగితే, నడుస్తున్నయి తమ్మీ అంటాడు. గూట్లో ఉన్న పక్షి రెక్క విప్పడం మొదలుపెట్టి అప్పటికి పదకొండు నెలలు. సగం విప్పింది. తొందరేమున్నది, ఎగిరేది అదే గద, అనేవాడు.

మాది పక్క క్వార్టరు. నేను బొగ్గు బావిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంప్ రూంలో క్లర్కును, ఆయన అదే బావి మీద వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన రెండు గదుల క్వార్టర్లో నలభైకి పైగా బొమ్మలుండేవి. వినాయక చవితి దాటాక మిగిలిపోయిన ఏనుగు తలలు, జాతరలో కొన్న సున్నపు చిలకలు, ఎవరో గేటు మీంచి దింపేసిన సిమెంటు సింహాలు. దేన్నీ తెచ్చినట్టు ఉంచడు. కీళ్ల దగ్గర కోసి, బోల్టులు పెట్టి, బైండింగ్ వైరు చుట్టి, మీద ఎంసీల్ ముద్ద మెత్తుతాడు. సింహానికి మొసలి తోక వస్తుంది, చిలకకు పళ్లు వస్తాయి. ఒకసారి క్వార్టర్లు చూడటానికొచ్చిన ఆఫీసరు, ఇంట్లో ఇవేమిటని కోపంగా లోపలికి పోయి, గంట తర్వాత మొసలి తోక ఇంకాస్త పొడుగుండాలని చెప్పి బయటికొచ్చాడు.

ఇంట్లో సామాను కూడా బొమ్మల్లో కలిసిపోయేది. ఆయన భార్య లస్మక్క చపాతీలు సీసాతో ఒత్తేది. కర్రేమైందని చుట్టాలడిగితే, రాక్షసుడు ఎత్తుకపోయిండు అని మూలకు చూపించేది. అక్కడ ఛాతీ ఎత్తున, పొట్టేలు కొమ్ములతో, చపాతీకర్ర గదలా పట్టుకుని రాక్షసుడు నిలబడి ఉండేవాడు.

ఇదంతా ఒక సినిమా వల్ల. డెబ్బై తొమ్మిదిలో మొగిలన్న, ఆయన దోస్తు రాజం ఒకే వారం ఉద్యోగంలో చేరారు. మొదటి ఆదివారమే పొద్దుటాటకు ఇంగ్లీషు సినిమాకు పోయారు. బొమ్మను కొంచెం కదిలించి ఒక ఫొటో, మళ్లీ కొంచెం కదిలించి ఒక ఫొటో, అలా వేల ఫొటోలు కలిపి తీసిన పాత రకం సినిమా. అందులో రాక్షసులు అప్పుడే నిద్ర లేచినవాళ్లలాగ ఆగి ఆగి నడుస్తారు. పొట్టేలు కొమ్ముల రాక్షసుడు కొండ దిగి, బూర ఊది, ఒక పిల్ల కూర్చున్న పడవ మీద కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. ఆ బూర అచ్చం మా బావి సైరన్‌లా మోగింది. వేళకాని వేళ సైరనంటే బావిలో ఏదో అయినట్టు. నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా టాకీసంతా లేచి బావి దిక్కు ఉరికింది. అందరికంటే ముందు మొగిలన్న, రాజం. గేటు దగ్గర కాపలావాడు బీడీ తీసి, ఏమైందని వీళ్లనే అడిగాడట.

మళ్లీ వచ్చేసరికి సినిమా అయిపోయింది. మర్నాటికి ఆ రీళ్ల పెట్టె కరీంనగర్ పోయింది. ఆ పడవ ఏమైందో మొగిలన్నకు ఇరవై ఏడేళ్లుగా తెలియదు. షిఫ్టు దిగి స్నానం చేస్తూ కూడా, పడవల ఆ పిల్లగూడ ఉండె తమ్మీ, అని గోడ మీంచి నాతో అనేవాడు.

రాజం బావిలో బొగ్గు తొట్లు లాగే హాలేజీ మిషను ఆపరేటరు. రెండు వేల అయిదులో పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మెడికల్ అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపారు. చెయ్యీ కాలూ ఆడిస్తూ ఉంటే వస్తాయని డాక్టరు చెప్పాడు. రాజం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్య సారవ్వ అతని చేతిలో రబ్బరు బంతి పెడితే వదిలేసేవాడు. చుట్టాలొచ్చి నచ్చజెబితే వినేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు.

అలాంటి మనిషి దగ్గరికి పోయి మొగిలన్న, రాక్షసుడు తయారైండు, ఎడమ చెయ్యి ఎత్తి పెట్టిన, అని చెప్పాడు. గోడ వైపు నుంచే జవాబొచ్చింది.

"కుడి."

మర్నాడు సాయంత్రం రాజం రెండు గల్లీలు గోడలు పట్టుకుంటూ నడిచి మొగిలన్న ఇంటికొచ్చాడు. వెనక సారవ్వ. నేను అక్కడే ఉన్నాను.

"కుడి చెయ్యిరా అది."

"ఎడమ."

"నేను తెర ముందల్నే కూసున్న."

"నీ పక్క పొంటి నేను లేనా?"

"నువ్వు సిన్మ సూసినవా, పల్లీలు బుక్కినవా?"

"గట్లయితే ఎట్ల ఎత్తిండో సూపెట్టు."

రాజం కుడి చేతిని ఎత్తబోయాడు. అది మోకాలు మీంచి నాలుగు వేళ్ల ఎత్తు లేచి వణికింది. మొగిలన్న ఒక కన్ను మూసి చూశాడు.

"గంతేనా? గంత ఎత్తి కొడితే ఈగ గూడ సావది."

నాకు ఒళ్లు మండింది. రాజం ముఖం ఎర్రబడింది. రేపొస్త, నీ సంగతి చెప్త, అని లేచాడు. అన్నట్టే వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. రోజూ ఫస్టు షిఫ్టు దిగే వేళకు ఇదే తగువు. రోగిష్టి మనిషితో పంతమేంది, ఒప్పుకోరాదే అని నేనంటే, తప్పును ఒప్పెట్లంట అనేవాడు. లస్మక్క మాత్రం ఇద్దరికీ చాయ్ పోసి తన పని చూసుకునేది.

ఆఫీసు పని మీద హైదరాబాద్ పోయినప్పుడు కోఠీ ఫుట్‌పాత్ మీద ఒక సీడీ అట్ట మీద పొట్టేలు కొమ్ములు కనిపించాయి. అమ్మేవాడు బాగుందో లేదో చూపిస్తానని టీవీలో పెట్టాడు. ఆఖరి అరగంట అక్కడే స్టూలు మీద కూర్చుని చూశాను. బూర మోగినప్పుడు నేనూ సగం లేచాను.

తగువు తీరిపోతుందన్న సంబరంతో తెచ్చి మొగిలన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని లుంగీతో తుడిచి రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆఖరు గూడ ఉన్నదా?"

"ఉన్నది. నేను సూసిన. ఆ పడవ..."

ఎంసీల్ వాసనేసే అరచేత్తో నా నోరు మూశాడు.

రెండు రోజుల తర్వాత అడిగితే తన ప్లేయర్‌లో సీడీ ఆడట్లేదన్నాడు. మాది తెస్తానంటే రేపన్నాడు. వారం తిరిగేసరికి రాక్షసుడికి కొత్త డాలు వచ్చింది. గుండ్రంగా తళతళ మెరుస్తోంది. దగ్గరికి పోయి చూస్తే నేను తెచ్చిన సీడీ. చుట్టూ ఎంసీల్ పెట్టి, గట్టిగా అతికించేశాడు.

నాకు నిజంగానే మనసు కష్టమైంది. అది ఆయనకు తెలిసింది. కూర్చోమన్నాడు.

"ఏ చెయ్యో నాకెరుకే తమ్మీ. కుడే. ఎత్తినప్పుడు సంకల అతుకు గూడ కనవడ్డది."

"మరి?"

"గీ సిన్మ సూస్తే రాజం రేపెందుకొస్తడు? చెయ్యెందుకు లేపుతడు? మోకాలు కాడ ఉండె. ఇయ్యాల రొమ్ము కాడికొచ్చింది. వెంట్రుకవాసి, వెంట్రుకవాసి."

నువ్వొక్కనివన్న సూడొచ్చు గదా, అన్నాను.

"ఇద్దరం కలిసి ఉరికినం. ఒక్కన్ని ఎట్ల సూస్త?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అల్మారల పెడితే ఆగలేకపోయిన. ప్లేయర్ల గూడ పెట్టిన ఒకనాడు. అందుకే అతికిచ్చేసిన. వాడు తల మీదికి ఎత్తిననాడు ఇంకోటి తెద్దువు గని," అన్నాడు.

లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు.

"చెప్పకు. ఒక్కటే అడుగుత. ఆఖరుకు మంచిగనే అయితదా?"

"మంచిగనే అయితదన్న."

తలూపాడు. సీడీ మీద తన వేలిముద్ర పడితే లుంగీతో తుడిచాడు.

దసరాకు పది రోజుల ముందు రాజం చెయ్యి చెవి దాటింది. "గింత," అని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మొగిలన్న ఒక కన్ను మూసి చూశాడు, రెండో కన్ను కూడా మూసుకుని కాసేపు ఉన్నాడు. ఆ తర్వాత పానా తీసుకుని రాక్షసుడి ఎడమ చెయ్యి దింపాడు.

"నువ్వే నిజం రాజం. కుడే."

రాజం సారవ్వ వైపు చూశాడు, నా వైపు చూశాడు, వంటింట్లో ఉన్న లస్మక్కకు వినబడేలా, నేను మొదటిసంది చెప్తనే ఉన్న, అన్నాడు. ఇక ఆ మాట బజార్లో అందరికీ చెప్పాలని లేచాడు. నేను చాటుగా మా ఇంటికి పోయి, మళ్లీ హైదరాబాద్ పోయినప్పుడు తెచ్చి దాచిన రెండో సీడీ తీసుకొచ్చాను. గుమ్మంలో నన్ను చూసి మొగిలన్న ముఖం చిన్నపిల్లవాడి ముఖమైంది. చెయ్యి కూడా చాచబోయాడు.

అప్పుడే రాజం గడప దాటుతున్నాడు. కుడి కాలు నేల మీద బరబరా ఈడ్చుకుపోతోంది. మొగిలన్న ఆ కాలు వైపు చూశాడు. నా చేతిలో సీడీ వైపు చూశాడు. చాచబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, లోపల పెట్టుకొమ్మని నాకు సైగ చేశాడు.

"అది సరే గని రాజం, కొండ దిగేటప్పుడు వాడు ముందల ఏ కాలేసిండు? నాకు ఎడమ లెక్కనే యాదికున్నది."

రాజం గడప మీద ఆగాడు.

"ఎడమనా?" అని వెనక్కి తిరిగాడు.

నేను సీడీని చొక్కా కింద దోపుకున్నాను. లస్మక్క మళ్లీ చాయ్‌కి నీళ్లు పెట్టింది.