అత్తయ్య చేతికి కట్టిన బరువు

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా తిరుగుతున్న సమస్త ఫ్యాన్లకు, మోటార్లకు, వాటి యజమానులకు విచారంతో తెలియజేయునదేమనగా: మీ వణుకు మాన్పే మా మేనత్త మంగళవారం పొద్దున పోయింది. ఇక ఎవరి వణుకు వాళ్లే చూసుకోవాలి. నాకైతే ఏం చెయ్యాలో తోచడం లేదు. జోకులేస్తే కాస్త నిలబడగలనేమోనని ఇది రాస్తున్నాను.

సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజినీరుగా రిటైరయ్యాక ఆమె మిల్లులకు సొంతంగా బ్యాలెన్సింగ్ చేసేది. నా బీటెక్ పట్టాను ఎవరూ పట్టించుకోకపోతే నన్ను వెంట తిప్పుకుని పని నేర్పింది. పెద్ద ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము ఒకవైపే పేరుకుంటే ఆ పక్క బరువెక్కుతుంది. తిరిగేటప్పుడు బేరింగులతో సహా పునాది కూడా వణుకుతుంది. అత్తయ్య బేరింగు మీద సెన్సర్ అంటించి వణుకు ఎంతో చూసేది. ఒక చిన్న ఇనప ముక్క రెక్కకు తగిలించి మళ్లీ తిప్పించేది. వణుకు ఎటు మారిందో చూసి, అసలు ముక్క ఎక్కడ, ఎంత బరువుది వెల్డింగ్ చెయ్యాలో లెక్క తేల్చేది.

వాటన్నిటికంటే ముందు ఫ్యాన్ కడిగించేది. "సగం రోగాలు మురికివేనండి," అనేది. నందిగామ మిల్లులో ఒకసారి కడగ్గానే వణుకు పోయింది.

"మరి మీరెందుకొచ్చినట్టు మేడమ్?" అన్నాడు ఓనరు.

"కడగమని చెప్పడానికండి."

పోయిన ఏడాది ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. నరాల జబ్బనీ, పూర్తిగా తగ్గదనీ విజయవాడ డాక్టరు చెప్పాడు. మాత్రలు కొన్నాళ్లు పనిచేశాయి. తర్వాత ముద్ద నోటిదాకా వచ్చేలోపు సగం ఒళ్లో పడేది. అమ్మ తినిపించబోతే, "నాకు చేతుల్లేవా వదినా?" అని కంచం పక్కకు జరిపేది. ఒకరు పెడితే తినదు, తన చెయ్యి నోటిదాకా రాదు. మనిషి మా కళ్లముందే తరిగిపోతోంది.

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. గరికపాడులో లారీ చక్రాలకు బ్యాలెన్సింగ్ చేసే టైర్ల షాపుకెళ్లి సీసపు బిళ్లలు తెచ్చాను. అమ్మ వాటిని గుడ్డపట్టీలో పెట్టి కుట్టింది. దాన్ని అత్తయ్య మణికట్టుకు కట్టి, పక్కన సెన్సర్ కూడా అంటించాను.

"ఏరా అల్లుడూ, నేను ఫ్యాన్‌నా?"

"ఫ్యానయితే ముందు కడిగేవాణ్ని అత్తా."

నవ్వింది. "తిరిగేదానికైతే ఎదురు పక్కన బరువు పెడతాం. నా చేతికి ఎదురు పక్క ఏదిరా?"

బిళ్లలు పెంచాను, తగ్గించాను, పట్టీని మోచేతివైపు జరిపాను. ఒక మధ్యాహ్నం చెయ్యి నెమ్మదించింది. చెంచాతో పెరుగన్నం తనే తినేసింది. అమ్మ వంటింట్లోకెళ్లి ఏడ్చింది. నేను కంచికచర్ల దాకా వినపడేలా విజయోత్సవ ప్రసంగం చేశాను.

వారం తిరక్కుండానే చెయ్యి ఆ బరువుతో సహా ఊగడం మొదలుపెట్టింది. ఇంకా బిళ్లలు వేస్తే అసలు లేవడమే లేదు.

"విప్పెయ్‌రా. చూశాంగా."

"ఇంకొక్కసారి అత్తా. ఇంకొంచెం పైకి కట్టి చూద్దాం."

"అన్నీ తగ్గేవి కావురా. ఆపాల్సిన మెషిన్ ఆపెయ్యాలి."

"ఆపొద్దు," అన్నాను. ఆ రోజు నాకు జోకు రాలేదు.

పట్టీ విప్పాక ఆమె ముద్ద ముట్టడమే మానేసింది. పోయేముందు ఆదివారం సాయంత్రం అన్నం మెత్తగా పిసికి, పెరుగు కలిపి మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాను. బతిమాలాను. కాళ్లు పట్టుకున్నాను. చివరికి, "నువ్వు తినకపోతే రేపు ఏదో ఒక మిల్లుకెళ్లి రాంగ్ సైడున వెల్డింగ్ చేయించేస్తా," అన్నాను.

ఆ బెదిరింపుకు మాత్రం కళ్లు తెరిచింది.

చెంచా ఎత్తాను. ఈసారి వణుకుతున్నది నా చెయ్యి. అత్తయ్య కాసేపు దాన్నే చూసింది. తన చెయ్యి మెల్లగా తెచ్చి నా మణికట్టు పట్టుకుంది. రెండు చేతులూ కలిసి ఊగుతూనే పైకి వెళ్లాయి. అన్నం సగం దుప్పటి మీద పడింది. మిగిలింది మింగి, మళ్లీ నోరు తెరిచింది.