బెండు మీద రెండు గాట్లు

కథలు రాయడం ఎలాగో అడగడానికి వీరదుర్గ దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు ఆవిడ కుడిచేతి వంక చూస్తారు. మూడు వేళ్ళు వంకరపోయి కొయ్యబారి ఉంటాయి. అడగాలని ఉంటుంది, నోరు రాదు. ఆవిడా చెప్పదు. ఎడంచేత్తో టీ గ్లాసు ముందుకు జరిపి, కాగితానికి ఒకవైపే రాయమనీ, తిరుగు స్టాంపులు మరిచిపోవద్దనీ, పత్రికవాళ్ళు తిప్పి పంపితే అలిగి మూల కూర్చోవద్దనీ చెబుతుంది. ఎండుచేపలు అమ్మిన నోరు గనక కాస్త గట్టిగానే చెబుతుంది. ఆ వేళ్ళ సంగతి ఇది.

యానాం అవతల, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట వీరదుర్గ వాళ్ళ పల్లె. పెద్ద తుఫాను వచ్చిన మరుసటేడు వాళ్ళన్న నూకరాజు చచ్చిపోయాడు. చచ్చిపోవడమేంటి, చంపేశారు. యానాం మందు దొంగతనంగా పడవల్లో దాటించే సత్తియ్య, సరుకు నీ పడవలో వేసుకోమన్నాడు. నూకరాజు కుదరదన్నాడు. ఆ వారంలోనే మడచెట్ల మధ్య శవం తేలింది. మొహం చితికిపోయి ఉంది, ముందుపళ్ళు లేవు. తాగి పడవలోంచి పడ్డాడని కులపెద్దలు తేల్చేశారు. పళ్ళు కూడా తాగే రాలగొట్టుకున్నాడా అని తల్లి అప్పాయమ్మ అడిగితే కసిరి కూర్చోబెట్టారు. పెళ్ళాం లోవమ్మ నోరే విప్పలేదు. ఏడవను కూడా లేదు. ఇదేం ఆడదిరా బాబూ అని పల్లెంతా చెవులు కొరుక్కుంది.

వీరదుర్గ పదో తరగతి దాకా చదివింది. సంతకెళ్ళే బస్సులో వారపత్రికలు వదలకుండా చదివేది. కడుపు మండి, ఎవరికి చెప్పుకోవాలో తెలియక కథ రాసి ఒక పత్రికకు పంపింది. అది రాజమండ్రిలో చంద్రరావు గారి చేతిలో పడింది. ఆయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరై, ఆ పత్రికకు వచ్చే కథలు చూసిపెట్టేవారు. కథ తిప్పి పంపుతూ ఉత్తరం రాశారు. పేజీకి నాలుగుచోట్ల ఏడుపుందమ్మా, అంతా నువ్వే ఏడ్చేస్తే చదివేవాడికి ఏం మిగిల్చావు, ఏడుపు కొట్టేసి మీవాళ్ళ కంటికే ఆనే వస్తువొకటి పెట్టు, పేర్లూ ఊరూ మార్చు అని దాని సారాంశం.

మా అన్న చచ్చిపోతే ఏడవొద్దంటాడేంటి ఈయన అని కొన్నాళ్ళు గొణుక్కుంది. తర్వాత కూర్చుని కొట్టేయడం మొదలుపెట్టింది. ఒక్కచోట మాత్రం చెయ్యి రాక వదిలేసింది. కథలో చచ్చిపోయే మనిషి, తనని నీళ్ళలో ముంచి తొక్కుతుంటే, ఆఖరిసారి తల పైకెత్తి పెళ్ళాన్ని కేకేస్తాడు. అది ఉంచేసింది. ఇక వస్తువు కావాలి. ఆ పల్లెలో ప్రతి ఇంటివాళ్ళకీ, వల నీళ్ళ మీద తేలడానికి కట్టే బెండ్ల మీద ఒక గుర్తు ఉంటుంది, వలలు తెగి కలిసిపోతే ఎవరిది ఎవరిదో తేల్చుకోవడానికి. సత్తియ్య ఇంటిది అడ్డంగా రెండు గాట్లు, నడుమ కాల్చిన చుక్క. శవం మెడకి చుట్టుకున్న తాడుకి అలాంటి బెండొకటి ఉందని రాసింది. ఆవిడ చూసింది కాదు, ఎవరూ చెప్పిందీ కాదు. కూర్చున్నచోట కల్పించింది. పేర్లు మార్చింది, ఊరు మార్చింది, గుర్తు మార్చాలని మాత్రం తట్టలేదు. ఆ పల్లెలో పుట్టినవాళ్ళెవరికీ తట్టదు. అనువాదం కాదు, అనుకరణ కాదు, నా సొంత కల్పన అని హామీపత్రం మీద సంతకం పెట్టి పంపేసింది.

కథ అచ్చయింది. బడికెళ్ళే పిల్లలు పల్లెలో ఇంటింటా చదివి వినిపించారు. సాయంత్రానికి సత్తియ్య తెడ్డు పుచ్చుకుని వచ్చి, వీరదుర్గని జుట్టు పట్టి ఇసుకలోకి ఈడ్చాడు. అబద్ధాలు రాశావని తిడతాడనుకుంది. వాడు తిట్టలేదు.

“ఆ బెండు నీకెవరే చూపించింది?” అన్నాడు.

దెబ్బ పడకముందే ఆవిడకి అర్థమైపోయింది. తను కల్పించాననుకున్నది నిజంగా జరిగింది. ఎవరూ చూపించలేదంటే వాడు నమ్మలేదు. ఆవిడ చెయ్యి వాకిట్లో ఉన్న పీట మీద తొక్కిపట్టి, అడగడం, తెడ్డుతో కొట్టడం, మళ్ళీ అడగడం. ఎముకలు విరిగిన చప్పుడు పక్కింట్లోకి వినబడింది. వాళ్ళు తలుపేసుకున్నారు.

రెండోనాడు చేపలు దించే రేవులో పంచాయితీ పెట్టారు. కథంతా అబద్ధమని అందరి ముందూ చెబితే సరే, లేదంటే గుడిసెతో సహా తగలెట్టేస్తానన్నాడు సత్తియ్య. కబురంది పరుగెత్తుకొచ్చిన చంద్రరావు గారు ఆవిడని పక్కకి పిలిచారు. “కల్పన అని హామీపత్రంలో నువ్వే రాశావు కదమ్మా. ఆ మాటే చెప్పెయ్యి, అబద్ధం కూడా కాదు,” అని బతిమాలారు.

వీరదుర్గ లేచి నిలబడింది. గుడ్డ చుట్టిన చెయ్యి కొబ్బరిబొండంలా ఉబ్బి ఉంది. పేర్లు తనే కల్పించానంది. ఊరు కల్పించానంది. బెండు దగ్గరికొచ్చేసరికి ఆగింది. ఆ ఒక్కమాట అనేస్తే ప్రాణం దక్కుతుంది, అన్న మాత్రం తాగి పడి చచ్చినవాడుగానే మిగిలిపోతాడు.

“బెండు నా దగ్గరుంది,” అంది వెనక నుంచి లోవమ్మ.

శవానికి నీళ్ళు పోస్తుంటే మెడ కింద తాడులో దొరికిందట. పిల్లల్ని బతకనివ్వరని చూరులో దాచేసిందట. కొంగుముడి విప్పి దాన్ని పెద్దల ముందు పడేసింది. రెండు గాట్లు, కాల్చిన చుక్క.

సత్తియ్య ఎగిరి ఆవిడ మీద పడ్డాడు. పొట్టలో తన్నాడు. కిందపడితే గొంతు మీద కాలేసి తొక్కాడు. అప్పాయమ్మ చేపలు కోసే కత్తిపీట ఎత్తి వాడి భుజం మీద వేసింది. నెత్తురు చిమ్మి పెద్దల తెల్లపంచెల మీద పడింది. అప్పుడు లేచారు మగ మహానుభావులు. వాడి వలతాళ్ళతోనే వాణ్ణి కట్టి, పోలీసులు వచ్చేదాకా చావబాదారు.

కాకినాడ ఆస్పత్రిలో వదినామరదళ్ళకి పక్కపక్క మంచాలు ఇచ్చారు. లోవమ్మ గొంతు కమిలి బొంగురుపోయింది. వీరదుర్గ వైపు ఒత్తిగిలి, నెమ్మదిగా అడిగింది.

“బెండు నువ్వు చూడనే లేదు, అయినా అది నిజమైంది. మరి ఆఖర్న ఆయన నన్ను కేకేశాడని రాశావే. అదీ నిజమేనా?”

ఏడుపు కొట్టేయమన్న పెద్దాయన గుర్తొచ్చాడు వీరదుర్గకి. కొట్టేయకుండా ఉంచిన ఆ ఒక్క ముక్కా గుర్తొచ్చింది.

“నిజమే వదినా,” అంది.

నూకరాజు పోయాక లోవమ్మ మొదటిసారి ఏడ్చింది.