వీపు మీది పలకను పట్టుకున్న చెయ్యి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. పీడకలలొస్తున్నాయని అక్క దిండు కింద ఇనప ముక్క పెట్టుకుంటుంటే నవ్వేదాన్ని. ఈ సంగతి తలుచుకున్నా నాకు భయం వెయ్యదు. ఒళ్లు మండుతుంది.

తొంభై ఎనిమిది వేసవి. ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో, సముద్రజీవుల విభాగంలో పనిచేసేదాన్ని. సరోజినీ నగర్‌లో బావగారికిచ్చిన క్వార్టర్లో అక్కావాళ్లతో ఉండేదాన్ని. లక్షద్వీప్‌లో పగడపు దిబ్బల సర్వేకి పేర్లడిగితే నేనూ ఇచ్చాను. ముందు డైవింగ్ నేర్చుకుని సర్టిఫికెట్ తెమ్మన్నారు. నాతో పాటు మా ఆఫీసు మగవాళ్లు ఇద్దరు.

దక్షిణ ఢిల్లీలో ఒక క్లబ్బు ఈతకొలనులో ఆదివారాలు మధ్యాహ్నం క్లాసు. నేర్పేవాడు నేవీలో చేసి రిటైరైన మనిషి. అందరూ ‘కెప్టెన్ సాబ్’ అనేవారు. ఆయన కెప్టెన్ కాదని తర్వాత తెలిసింది.

మొదటి రోజే తగువు. సిలిండర్ తగిలించుకునే జాకెట్లన్నీ మగవాళ్ల కొలతలే. నేను వేసుకుంటే భుజాల మీంచి జారిపోయేది. ‘ఆడవాళ్లు వస్తారని ఎవరనుకున్నారు’ అన్నాడాయన, తప్పు నాదైనట్టు. చివరికి స్టోర్లోంచి ఓ పాత సామాను తీశాడు. ఎవరో విదేశీ అతిథి వదిలేసి వెళ్లిందట. వీపుకి ఆనే స్టీలు పలక, దాని రంధ్రాల గుండా తిప్పిన ఒకే పొడవాటి పట్టీ, పలకకీ సిలిండర్‌కీ మధ్య గాలి నింపుకునే తిత్తి. ఆ తిత్తినే వింగ్ అంటారు.

దాని సంగతి ఆయనకీ తెలియదు. తెలియదని ఒప్పుకోలేదు. దాంతో పాటున్న చిన్న పుస్తకం ఇంటికి తెచ్చుకుని, వంటింటి గట్టు మీద పట్టీ పరుచుకుని, నా భుజాలకీ నడుముకీ సరిపడా నేనే కొలిచి బిగించుకున్నాను. నీళ్లలో మొదట్లో ముందుకు బోర్లా పడేదాన్ని. ఆయన పైనుంచి నవ్వేవాడు. నాలుగో వారానికి నీళ్లలో అడ్డంగా, చాప పరిచినట్టు నిలవగలిగాను. ఆ వారం ఆయన నవ్వలేదు. మెచ్చుకోనూ లేదు.

ఐదో వారం అది జరిగింది.

పదిహేనడుగుల లోతు వైపు అడుగున ఉన్నాను. మగవాళ్లిద్దరూ సిలిండర్లు మార్చుకోవడానికి పైకెళ్లారు. కొత్తవాళ్లని నీళ్లలో ఒంటరిగా వదలకూడదన్నది మొదటి నియమం. కెప్టెన్ సాబ్ నా వెనకే ఉన్నాడనుకున్నాను. కాస్త తేలదామని గాలి బటన్ నొక్కాను. అది లోపలికి పోయి ఇరుక్కుపోయింది. వింగ్ బుసబుసా నిండిపోతోంది.

సిలిండర్ గాలి పీల్చినవాళ్లు ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. దానికి పదిహేనడుగులు చాలు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. అయినా హడలిపోయి ఊపిరి బిగబట్టేశాను. అడుగునుంచి లేచాను.

సగం దూరంలో ఆగిపోయాను.

మెడ వెనక, పలక పై అంచు దగ్గర పట్టీని ఎవరో గుప్పిట పట్టారు. నాలుగు వేళ్ల కణుపులు నా మెడకి నొక్కుకుంటున్నాయి. లాగడం లేదు, కుదపడం లేదు. ఉన్నచోట ఉంచారు, అంతే. అప్పుడు నాకు బుద్ధొచ్చింది. ఊపిరి వదిలాను. వింగ్‌లోకి గాలి తెచ్చే గొట్టం ఊడదీసి, వింగ్ గొట్టం తలపైకెత్తి ఖాళీ చేశాను. నేను మెల్లగా కిందికి దిగుతుంటే చెయ్యి వదిలేసింది. అడుగున కాసేపు కూర్చుని, ఊపిరి వదులుతూ పైకొచ్చాను.

తల బయట పెట్టి కళ్లు తుడుచుకునేసరికి కెప్టెన్ సాబ్ పక్కనే నీళ్లలో ఉన్నాడు. ‘ఎవరు పట్టుకున్నారు, మీరేనా?’ అన్నాను. ‘మై థా నా’, నేనేగా, అన్నాడు. దణ్ణం పెట్టాను. ఆ దణ్ణం ఇప్పటికీ వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

ఆడపిల్ల ఒక్కతే వెళ్లకూడదని బావగారి పట్టు. అందుకని అక్క ప్రతివారం వచ్చి గట్టున కుర్చీలో వారపత్రిక చదువుకునేది. ఇంటికెళ్తూ ఆటోలో నేను ఆయన్ని పొగుడుతుంటే విని, ‘ఆయనెక్కడే? ఆఫీసు గది దగ్గర ఫోన్లో మాట్లాడుతున్నాడు. నువ్వు తల పైకి పెట్టాక పరిగెత్తుకొచ్చి దూకాడు’ అంది.

‘సరిగ్గా చూశావా?’

‘నీళ్లు అద్దంలా ఉన్నాయి. నువ్వు పైకొస్తూ సగంలో ఆగిపోయావు. నీ చుట్టుపక్కల ఎవరూ లేరు. గాలికోసం ఆగావనుకున్నాను.’

ఇంటికెళ్లి జడ పైకెత్తి చూపించాను. మెడ మీద వరసగా నాలుగు కమిలిన మచ్చలు. అక్క దేవుడి గదిలోకెళ్లి దీపం పెట్టింది. నాకు మాత్రం ఆయన మీద కోపం తలకెక్కింది. నన్ను నీటి అడుగున వదిలేసి ఫోన్లో కబుర్లు. పైగా కాపాడానని అబద్ధం.

మర్నాడు ఆఫీసులో ఆయన పంపిన రిపోర్టు చూశాను. ‘విద్యార్థిని భయపడగా, ఇన్‌స్ట్రక్టర్ నీటిలో పట్టుకుని నిలిపారు’ అని ఇంగ్లీషులో అందంగా రాశాడు. మా సార్, ‘నీకీ సర్వే అవసరమా అమ్మా’ అన్నారు.

తరవాతి ఆదివారం అందరి ముందూ అడిగాను. ‘సార్, ఆ రోజు నన్నెలా పట్టుకున్నారో ఇంకోసారి చూపించండి. మేమూ నేర్చుకుంటాం.’ ముగ్గురు చూస్తుంటే ఎలా కాదంటాడు?

బటన్ బాగుచేశారు. ఇద్దరం అదే లోతుకి దిగాం. ఆయన నా వెనక పట్టీ పట్టుకున్నాడు. నేను ఊపిరి వదులుతూ, బటన్ నొక్కి వింగ్ నింపాను. ఆరడుగుల మనిషి, ఎనభై కిలోలకి తక్కువుండడు. నాతో పాటు ఆయనా పైకి కొట్టుకొచ్చాడు. కాళ్లాడించినా ఆగలేదు. ఇంకోసారి చేద్దామని తనే అన్నాడు. రెండోసారీ అంతే.

గట్టు మీద కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. తరవాత ఇంగ్లీషులో, నెమ్మదిగా, ‘నేను ఫోన్ దగ్గరున్నాను’ అన్నాడు.

‘అదే రాయండి’ అన్నాను.

రిపోర్టు నకలు తీసి ఆ వాక్యం కొట్టేశాడు. తను అప్పుడు నీళ్లలో లేనని రాశాడు. నా మీద గౌరవంతో కాదు, అక్క అక్కడే నిలబడి చూస్తోందని. నేను లక్షద్వీప్ వెళ్లాను. అదే పలక, అదే వింగ్‌తో చాలా ఏళ్లు డైవింగ్ చేశాను. మళ్లీ ఎవరూ పట్టుకోలేదు.

ఆ రోజు ఆయన పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. ‘మరి నిన్ను పట్టుకున్నదెవరని రాయమంటావు?’ అన్నాడు. నిజంగానే అడిగాడు.

ఆయన్ని గెలిచిన సంతోషం అక్కడితో సరి. ఆ పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేయమన్నాను.